తాతయ్య ఆవర్జాలో (ఖాతాల పుస్తకంలో) "కృ" అంటే ఏమిటి? ఆయన గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొట్టు మనవరాలు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు, నేను ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నా. మా తాతయ్య 1926లో పుట్టారు, జాతకంలో అక్షయ నామ సంవత్సరం అని ఉంది, 2003లో పోయారు. నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి ఆయన మీద చిన్న పుస్తకం వేసి బంధువులకీ, ఊళ్లో తెలిసినవాళ్లకీ పంచాలని పెదనాన్న, నాన్న, అత్తయ్యలు అనుకున్నారు. రాసే పని నాకు అప్పగించారు. ఒప్పుకున్న రోజు నుంచి టెన్షన్‌గానే ఉంది.

తాతయ్యకి పామూరు రోడ్డులో కిరాణా కొట్టు, దాని పక్కనే ఎరువుల గోడౌను. చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఆయన "కొట్టు శెట్టిగారు". ఎన్నికల్లో ఎప్పుడూ నిలబడలేదు గానీ ఏ తగాదా వచ్చినా ఆయన కొట్టు అరుగు మీదికే వచ్చేది. హైస్కూల్లో ఒక గది, అమ్మవారిశాలలో వంటపాక, తిరునాళ్లకి చలివేంద్రం, శ్మశానానికి వెళ్లే దారిలో కంకర, ఇవన్నీ ఆయన చేయించినవే. మా పెదనాన్న నాకు రెండు పేజీలు రాసి ఇచ్చారు. నిండా దానకర్ణుడు, ధర్మాత్ముడు, అజాతశత్రువు అనే మాటలే. అబద్ధమని కాదు. కానీ అది చదువుతుంటే మా తాతయ్య నాకు కనపడలేదు, ఆ పేజీలో ఎవరి పేరు పెట్టినా సరిపోతుందనిపించింది.

నాకు గుర్తున్నది వేరే. ఆయన పాత పేపరు ముక్కని రెండు వేళ్ల మీద తిప్పి పొట్లం చేసి, పప్పు పోసి, మూతి మడిచి, పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టేవారు. కత్తెర వాడేవారు కాదు, చూపుడు వేలికి పురికొస మెలిపెట్టి టక్కున తెంచేవారు. ఆ వేలి మీద ఒక గాడి ఉండేది, చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద పడుకున్నప్పుడు కూడా ఉంది, నేను తడిమి చూశాను. చేతులకి బెల్లం, కిరసనాయిలు కలిసిన వాసన. ఇంతే నాకు తెలిసిన తాతయ్య. నేను పుట్టేసరికే ఆయనకి అరవై దాటాయి.

పోయిన నెల ఇంటికెళ్లి అటక మీదున్న రేకు పెట్టె దించాను. అందులో ఎర్రగుడ్డ బైండు వేసిన పొడుగాటి పుస్తకాలు 31 ఉన్నాయి, కొన్ని చిట్టాలు (ఏ రోజు లెక్క ఆ రోజు రాసేవి), ఎక్కువ ఆవర్జాలు (ఒక్కొక్కరి పేరు కింద బాకీ, జమ రాసేవి). ప్రతి పుస్తకం మొదటి పేజీలో పసుపు మరక, పైన శ్రీ. పాతవాటిలో తెలుగు అంకెలు, వీశెలు, మణుగులు, అణాలు. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చాక ఒక ఏడాది పొడుగునా ఆయన రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకున్నారు, అణాల్లో ఒకటి, పైసల్లో ఒకటి. 1952 డిసెంబరు 16 నాటి చిట్టాలో అమ్మకాలు లేవు. "కొట్టు మూశాం" అని మాత్రం ఉంది. ముందు అర్థం కాలేదు, తేదీ చూస్తే పొట్టి శ్రీరాములు గారు పోయిన మర్నాడు. అప్పుడు ఆయనకి 26 ఏళ్లు. ఆ రెండు మాటలు చూసి అటక నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఆవర్జాల్లో కొన్ని పేర్ల కింద లెక్క అడ్డంగా కొట్టేసి "కృ" అని ఎర్ర సిరాతో ఉంది. 1989-90 పుస్తకంలో అవి చాలా ఉన్నాయి. నాన్నకి తెలియదు, పెదనాన్న "ఏదో గుర్తులే" అన్నారు. ఎవరికైనా తెలుసా? రెండోది, ఇలాంటి మనిషి జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కందుకూరు వైపు వాళ్లు ఎవరైనా ఉంటే, ఆయన్ని చూసినవాళ్లుంటే, దయచేసి రాయండి. మంచే రాయాలని లేదు.

గుమాస్తా గారబ్బాయి:

అమ్మా, ఈ పోస్టు మా అమ్మాయి చూపించింది. మా నాయన మీ తాతగారి దగ్గర 1961 నుంచి 1994 దాకా గుమాస్తా. ఆ 89-90 పుస్తకంలో చేతిరాత మా నాయనదే అయ్యుంటుంది. "ళ" చివర తోక పైకి లేచి ఉంటే ఖాయంగా ఆయనదే, ఒకసారి చూడు.

"కృ" అంటే కృష్ణార్పణం. ఇక వసూలు చెయ్యనక్కర్లేని బాకీ అని.

అది అర్థం కావాలంటే ఆ కొట్టు ఎట్టా నడిచిందో తెలియాలి. మా వైపు మెట్ట రైతుకి చేతిలో డబ్బు ఆడేది పొగాకు అమ్మాకే. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోస్తారు, అక్టోబరు, నవంబరులో నాట్లు, సంక్రాంతి అటూ ఇటూగా ఆకు రెలుపులు, అంటే కోతలు, మొదలు. కర్రలకి ఆకు కట్టి బ్యారన్‌లోకి (ఆకు కాల్చే కొట్టంలోకి) ఎక్కించి, ఐదారు రోజులు రాత్రీ పగలూ కట్టెలు వేసి కాల్చి, తర్వాత గ్రేడింగు చేసి చెక్కులు, అంటే బేళ్లు, కట్టాలి. వినాయక చవితి నుంచి ఎండాకాలం దాకా ఇంట్లోకి ఉప్పు, పప్పు, నూనె, కూలీలకి బియ్యం, చేలోకి ఎరువు, అన్నీ కొట్టులోనే ఖాతా. పంట కొన్నవాళ్లు కూడా చేతిలో చీటీ పెట్టి నెలల తరబడి తిప్పేవాళ్లు. పొగాకు బోర్డు 1976లోనే వచ్చినా మన రాష్ట్రంలో వేలాలు మొదలైంది 1985లో. అప్పటినుంచి డబ్బు బ్యాంకు ద్వారా కొంచెం తొందరగా చేతికి రావడం మొదలైంది. అంతకుముందు పంట కోతకీ డబ్బుకీ మధ్య ఉన్న ఆ ఖాళీ నెలల్లో పల్లెల్లో పొయ్యి వెలిగిందంటే అది మీ తాతగారి లాంటి వాళ్ల పుస్తకం మీదే. ఆయన మాటకి ఊళ్లో బరువు ఉందన్నా, అరుగు మీద తగాదాలు తీర్చారన్నా సగం కారణం అదే. ఎదురుగా నిలబడిన ఇద్దరి బాకీ ఎంతో ఆయనకి నోటికి తెలుసు.

1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తుఫాను తీరం దాటింది. నాకు అప్పుడు పదిహేనేళ్లు. తెల్లారి చూస్తే చెట్టు మీద ఆకు లేదు, బ్యారన్ల పైకప్పులు చేలల్లో పడున్నాయి, అప్పుడే నాటిన మొక్క మొత్తం పోయింది. 1990 ఉగాదికి కొత్త ఆవర్జా తెరిచారు. పాత పుస్తకంలోని బాకీలన్నీ కొత్తదాంట్లోకి ఎత్తిరాయాలి కదా. మీ తాతగారు పేర్లు చదువుతుంటే మా నాయన రాసేవాడు. కొన్ని పేర్ల దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని "కృ పెట్టు, ఎత్తిరాయొద్దు" అనేవారంట. మూడు రాత్రులు పట్టిందంట ఆ పని. వాళ్లకి ఆయన చెప్పలేదు. రైతు వచ్చి "నా బాకీ ఎంత శెట్టిగారూ" అంటే "పుస్తకంలో లేదు, ఇప్పుడేం కావాలో చెప్పు" అనేవారు. బాకీ ఉన్నదని ఇద్దరికీ తెలుసు. ఆ మాటతో అయిపోయేది.

ఒక సంగతి చెప్తాను, నొచ్చుకోకు. కృ ఉన్నవన్నీ దానమే అనుకోవద్దు. మనిషి చచ్చిపోయినా, ఊరొదిలి పోయినా, ఇక రాదని తేలిన బాకీకి కూడా అదే గుర్తు. తేడా కనిపెట్టడానికి ఒక దారి ఉంది. కృ పడిన పేరు తర్వాతి ఏడాది పుస్తకంలో మళ్లీ ఉందేమో చూడు. ఉంటే అది వదిలేసి మళ్లీ సరుకిచ్చిన బాకీ. లేకపోతే పోయిన బాకీ.

ఇంకొకటి కూడా రాయి. అంత పెద్ద చెయ్యి ఉన్న మనిషే మా నాయన జీతం దగ్గర మాత్రం బిగించి పట్టుకునేవారు. ముప్పై మూడేళ్లలో అడక్కుండా పెంచింది లేదు. మా అక్క పెళ్లికి మాత్రం రెండు బస్తాల బియ్యం, నూనె డబ్బా ఇంటికి పంపించి లెక్కలో రాయలేదు. మా నాయన ఆ రెండూ ఒకే ఊపులో చెప్పేవాడు.

బెల్లంముక్క:

నేను ఆ వీధిలో పెరిగినవాణ్ణి. హైస్కూలు వదిలాక కొట్టు ముందు నుంచి పోతుంటే పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు, దానికి ముందు ఒక ఎక్కం అప్పజెప్పాలి. నాకు పదమూడో ఎక్కం వచ్చింది అక్కడే. అంతకు మించి నాకు తెలియదు గానీ ఇది కూడా రాసుకోండి అక్కా.

పొన్నలూరు వాణ్ణి:

మంచే రాయాలని లేదు అన్నారు కాబట్టి రాస్తున్నా. లేకపోతే చదివి వదిలేసేవాణ్ణి.

మా తాత మీ తాత దగ్గర 1971లో మా మేనత్త పెళ్లికి 800 రూపాయలు తీసుకున్నాడు. ప్రామిసరీ నోటు, రెండు రూపాయల వడ్డీ, అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24. నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, ఇక కోర్టులో చెల్లదు కాబట్టి 1974లో వడ్డీ కలిపి 1,376కి తిరగరాయించుకున్నారు. పంటలు రాలేదు. 1976లో పిలిపించి, ఇక నోటు వద్దు, చేను రాసివ్వు అన్నారు. ఎకరం పది సెంట్లు, వాగు పక్క చేను, మా ఇంట్లో ఉన్న మంచి నేల అదొక్కటే. మా తాత వేలిముద్ర వేసి వచ్చాడు. మరుసటి ఏడాదే, 1977లో, చిన్న రైతులు, కూలీలు, చేతిపనివాళ్ల అప్పులు రద్దు చేసే చట్టం వచ్చింది. అలాంటిది రాబోతోందని పల్లెలో మాకు తెలియదు, టౌనులో వ్యాపారస్తులకి తెలుసు. ఒక్క ఏడాది ఆగి ఉంటే ఆ చేను మాదే. పక్క చేను అదే సంవత్సరం మూడు వేలకి పైనే పలికిందని మా నాయన చెప్పేవాడు.

మా నాయనమ్మకి తొంభై దాటాయి. ఇప్పటికీ ఒకటే మాట, "శెట్టి మంచోడే గానీ మన చేను మింగినాడు" అని. ఆ మంచోడే అన్న ముక్క ఎందుకంటే, 89 తుఫానప్పుడు మా ఇంటికి బియ్యం వచ్చింది మీ కొట్టు నుంచే. మా తాత ఆ బియ్యం తినలేదు. పిల్లలకి పెట్టాడు, తను మాత్రం పక్కింట్లో గంజి తాగాడు.

నేను బడికి పోయింది ఆ చేను గట్టు మీదుగానే. మా నాయన కూడా ఉండేవాడు కొన్ని రోజులు, గట్టు దాటేటప్పుడు చేలోకి చూసేవాడు కాదు. మీ మీద కోపం లేదండీ, మీరప్పటికి పుట్టలేదు. కానీ పుస్తకం వేసి ఊళ్లో పంచుతామంటున్నారు. అజాతశత్రువు అని అందులో ఉంటే అది మా నాయనమ్మ ఉన్న ఇంటికి కూడా వస్తుంది.

కొండాపురం టీచరు:

పొన్నలూరు తమ్ముడు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా దగ్గరున్నది చెప్పకపోతే మా అమ్మకి అన్యాయం చేసినట్టు అవుతుంది.

మాది లింగసముద్రం దాటాక అప్పటి జిల్లా గీతకి అటు పక్క, నెల్లూరు జిల్లాలో కొండాపురం వైపు ఊరు. సరుకులకి మాత్రం కందుకూరే. అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లాలో వచ్చినప్పుడు మా ఊళ్లో రాత్రి బడి పెట్టారు. అమ్మకి అప్పుడు ముప్పై రెండేళ్లు. పగలంతా కూలి, రాత్రి పలకా బలపం. లాంతరు పక్కన నేను నిద్రపోతుంటే అమ్మ పెదవులు కదుపుతూ గుణింతం చదవడం నాకు గుర్తుంది. దూబగుంట అక్కడికి ఎంతో దూరం లేదు, రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్లూ సారా కొట్టు మూయించిన కబురు ఆ బళ్లలోనే ఊరూరా పాకింది.

చదవడం వచ్చాక అమ్మ మొట్టమొదట చదవాలనుకున్నది మా ఖాతా. కందుకూరు వెళ్లి "శెట్టిగారూ, నా లెక్క నేను చూస్తా" అంది. నేను పక్కనే ఉన్నా, కొంగు పట్టుకుని. కొట్టులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పుస్తకం గల్లాపెట్టె ఇవతల నిలబడినవాళ్లు ఎప్పుడూ చూసింది లేదు, ఆయన చదివితే మేం వినడమే. ఆయన నవ్వలేదు. ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూసి, ఆవర్జా ఎత్తి, అమ్మ వైపుకి తిప్పి పెట్టారు. అమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కొట్టంతా నిశ్శబ్దం. వెనకాల బేరాలు ఆగిపోయాయి. పావుగంట పట్టింది. "కందిపప్పు రెండు కేజీలు, ఇది నేను తీసుకోలేదు" అంది. మా ఊళ్లోనే అమ్మ పేరుతో ఇంకొకామె ఉంది, ఆమెది మా పేజీలో పడింది. ఆయన చూసి, ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన పొడి సంతకం చేసి, కలం అమ్మ చేతికి ఇచ్చారు, నువ్వు కూడా పెట్టమని. అమ్మ జీవితంలో వేలిముద్ర కాకుండా పెట్టిన మొదటి సంతకం అదే. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ పుస్తకం తిప్పి చూపించేవారని అమ్మ చెప్పేది.

ఆయన అన్ని విషయాల్లో అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి కూడా కాదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చాక నాటుసారా కాసేవాళ్లు పెరిగారు, దానికి నల్లబెల్లం కావాలి. మా ఊరి ఆడవాళ్లు పది మంది బస్సెక్కి కందుకూరు పోయి, నల్లబెల్లం అమ్మొద్దని కొట్టు ముందు కూర్చున్నారు. "నేను బెల్లం అమ్ముతున్నా, సారా అమ్మడం లేదు, కొన్నవాడు పశువులకి పెడతాడో కాస్తాడో నాకెట్టా తెలుస్తుంది" అని వాదించారు ఆయన. అమ్మ లేచి "మీకు అందరి లెక్కా తెలుసు, ఎవరు ఎందుకు కొంటున్నారో తెలియదా" అంది. ఆ రోజు ఒప్పుకోలేదు. మళ్లీ వెళ్లారు, మళ్లీ ఒప్పుకోలేదు. మూడోసారి వెళ్లేసరికి నల్లబెల్లం దిమ్మెలు పెట్టే మూల ఖాళీగా ఉంది, అక్కడ ఉప్పు బస్తాలు వేశారు. ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు, మావాళ్లూ అడగలేదు. ఒప్పుకోవడానికి ఆయనకి నెలకి పైగా పట్టింది, ఆ నెలలో మా ఊళ్లో ఒకింట్లో మనిషి పోయాడు నాటుసారా తాగి. ఆలస్యం ఆలస్యమే.

అమ్మకి ఇప్పుడు అరవై ఐదు దాటాయి. పేపరు రోజూ చదువుతుంది.

దస్తావేజుల మనిషి:

ఒంగోల్లో చాలా ఏళ్లు దస్తావేజులు రాశాను. చెల్లెమ్మా, నీ రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ పుస్తకాలు కాపాడుకో. లామినేషన్ చేయించొద్దు, టేపు అంటించొద్దు. పెట్టెలో వేపాకు, వసకొమ్ము గుడ్డలో కట్టి పెట్టు. పగటి వెలుగులో కిటికీ పక్కన ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీయి, ఫ్లాష్ వద్దు.

పొన్నలూరు అబ్బాయి చెప్పిన అమ్మకం కాగితం దొరుకుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, 1976 కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. సర్వే నంబరు, ఊరి పేరు తెలిస్తే పని తేలిక. నకలు తీసుకో, దాంట్లో ధర, తేదీ, హద్దులు అన్నీ ఉంటాయి. నోటు కాగితం కూడా ఇంట్లో ఎక్కడో ఉండొచ్చు, వెనక్కి తిప్పి చూడు, ఎప్పుడెంత కట్టారో చెల్లు వేసి ఉంటుంది.

జిల్లా సంగతి గుర్తుపెట్టుకో. మీ తాతగారు ఇల్లు మారలేదు గానీ జిల్లా మారింది. పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. అందుకని స్కూలు గది, శ్మశానం దారి వంటి వాటికి పాత కాగితాలు వెతికేటప్పుడు ఏడాది చూసుకుని ఏ జిల్లా ఆఫీసుకి పోవాలో తేల్చుకో. నేను చూసిన చాలామంది ఒకే చోట అడిగి లేదనిపించుకుని వచ్చేస్తారు.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తే మా తాతయ్య గురించి చెప్పండి అని అడక్కు. అలా అడిగితే మీ పెదనాన్న రాసిచ్చిన మాటలే వస్తాయి. పాత తూనికరాయి ఒకటి చేతిలో పెట్టు, లేదా వాళ్ల ఇంటి ఖాతా పేజీ చూపించు. అప్పుడు వాళ్లే మాట్లాడతారు.

కొట్టు మనవరాలు:

పదిహేను రోజులైంది. అందరికీ ఒక్కొక్కరికే రాయాలని ఉంది గానీ ఇక్కడే రాస్తున్నా.

గుమాస్తా తాతయ్య గారి "ళ" తోక పైకే ఉంది. 89-90 పుస్తకంలో కృ గుర్తులు 43. మీరు చెప్పినట్టే తర్వాతి పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ వెతికాను, శని, ఆదివారాలు రెండూ అయ్యాయి. 37 పేర్లు మళ్లీ ఉన్నాయి, ఉగాది నుంచే కొత్త సరుకు, పాత బాకీ సున్నా. మిగతా ఆరు లేవు. నాన్నకి చూపిస్తే ఆ ఆరుగురిలో ఇద్దరు తుఫానులో పోయినవాళ్లని చెప్పారు. ఆ 37 పేర్లు కాగితం మీద రాసుకున్నా, పుస్తకంలో వేయను, వాళ్ల పిల్లలకి తెలియకపోవచ్చు, తాతయ్యే చెప్పనిది నేనెందుకు చెప్పాలి. సంఖ్య మాత్రం వేస్తాను.

జీతం సంగతి కూడా చిట్టాలో ఉంది. 33 ఏళ్లకి ఎనిమిది సార్లు పెరిగింది. రెండు బస్తాల బియ్యం ఎక్కడా లేదు, మీరన్నట్టే.

పొన్నలూరు అన్నా, మీ తాతగారి పేజీ దొరికింది. 1971లో 800, 1974లో 1,376, 1976లో "పొలం కింద జమ 2,036-48". కింద గీత, బాకీ సున్నా. మొన్న సోమవారం సెలవు పెట్టి వెళ్లి నకలుకి దరఖాస్తు చేశా, నాలుగు రోజులకి వచ్చింది. అమ్మకం ధర 2,036. నేను ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఏ పొలం ధరైనా బాకీతో రూపాయికి రూపాయి సరిపోతుందా? అది చేనుకి కట్టిన ధర కాదు, బాకీకి కట్టిన ధర. ఆ లెక్క రాసింది మాత్రం గుమాస్తా గారు కాదు, తాతయ్య సొంత చేతిరాత. పెదనాన్నకి చూపించాను. చాలా గొడవైంది, ఇవన్నీ ఇప్పుడు తవ్వడం ఎందుకన్నారు, అన్నం తినకుండా లేచి వెళ్లిపోయారు. రాత్రి పదింటికి మళ్లీ వచ్చి, ఆ చేను 1981లో అమ్మి ఆ డబ్బుతోనే హైస్కూలు గది కట్టించారని చెప్పారు. నాకు ఇంతవరకు తెలియదు. ఆ గది గోడ మీదున్న రాయి మీద మా తాతయ్య పేరుంది.

అందుకని పుస్తకంలో ఆ గది ఫొటో వేసే పేజీలోనే మీ తాతగారి ఖాతా పేజీ కూడా వేస్తున్నా, మీ ఇంట్లో ఒప్పుకుంటేనే, పేరు ఉంచాలో తీసేయాలో మీరు చెప్పినట్టే చేస్తా. అజాతశత్రువు అనే మాట ఉండదు. నాన్న సరే అన్నారు. పెదనాన్న ఇంకా అనలేదు, అంటారనే నమ్మకం ఉంది. మీ నాయనమ్మ గారి దగ్గరికి ముందు నేనొక్కదాన్నే వస్తాను, పుస్తకం పట్టుకుని కాదు, ఊరికే. ఆమె తిట్టినా పర్లేదు.

కొండాపురం అక్కా, మీరు చెప్పిన పేజీ కోసం మూడు పుస్తకాలు తిరగేశాను. ఉంది. "కందిపప్పు 2 కేజీలు" ఎర్రగా కొట్టేసి, పక్కన తాతయ్య పొడి సంతకం, దాని కింద అమ్మగారిది. అక్షరాలు పెద్దవిగా, గీత దాటి పక్క గడిలోకి వెళ్లాయి. ఫొటో ఇక్కడ పెట్టడం లేదు. వచ్చే ఆదివారం కందుకూరు వస్తున్నా, అక్కడి నుంచి బస్సులో మీ ఊరికి, ఆవర్జా నాతో తెస్తాను. ఆ పేజీ అమ్మగారు నాకు చదివి వినిపిస్తారా? ఆమెకి పొద్దున వీలవుతుందో సాయంత్రమో చెప్పండి.